రుద్రూరులో తేనీటి విందు

నిజామాబాదు జిల్లాలో బోధనుకూ బాన్సువాడకూ నడుమ రుద్రూరు అనే వూరు వుంది. పటంలో వెతికితే చిన్న చుక్క. బస్సు కిటికీలోంచి చూస్తే మాత్రం ఆ చుక్కకు నాలుగు వైపులా వరిపొలాలు, పొలాల నడుమ వంకలు తిరిగే కాలవలు, గట్ల మీద తుమ్మచెట్లు, మళ్ళలో తెల్లకొంగలు. ఇది తెలంగాణమా, కృష్ణా డెల్టాయా అని కొత్తగా వచ్చినవారు ఒకసారి కళ్ళు నులుముకుని చూడవలసిందే.

ఆ సందేహానికి కారణం లేకపోలేదు. మంజీరా నది మీద అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల దగ్గర 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరం ఈ నేల జాతకాన్నే మార్చివేసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అనే మహా ఇంజనీరు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరు పారాలని లెక్క వేశాడు. కాలవల్లోకి నీరు వచ్చింది. ఆ నీటిని వెతుక్కుంటూ కోస్తా జిల్లాల రైతులు పెట్టే బేడా సర్దుకుని వచ్చారు. వాళ్ళు దిగిన చోట్లకు 'క్యాంపు' అని పేరు పడింది. డేరాలు పోయి పెంకుటిళ్ళు వచ్చాయి, పెంకుటిళ్ళు పోయి మేడలు లేచాయి. పేరు మాత్రం క్యాంపుగానే నిలిచిపోయింది. మూడు తరాలుగా కాపురం వున్నవాళ్ళను కూడా ఇవాళో రేపో గుడారం ఎత్తేస్తారన్నట్టు 'క్యాంపువాళ్ళు' అనే అంటారు.

వూరివాళ్ళకూ క్యాంపువాళ్ళకూ భాష ఒకటే అయినా యాస వేరు, పండుగ ఒకటే అయినా పిండివంట వేరు. సంక్రాంతికి వూళ్ళో సకినాలు, గరిజెలు చేస్తే క్యాంపులో అరిసెలు, జంతికలు చేస్తారు. అతిథి గుమ్మంలో కాలు పెట్టగానే వూళ్ళో "చాయ్ తాగుతరా?" అంటారు, క్యాంపులో "టీ తీసుకుంటారా?" అంటారు. ఒకే ఆకుకు రెండు పేర్లేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. చీనాదేశంలోనే ఆ రెండు పేర్లూ వున్నాయి. ఉత్తరాది వారి 'చా' పారశీకుల నోటబడి 'చాయ్' అయి, గుర్రాల మీద, ఒంటెల మీద భూమార్గాన మనకు వచ్చింది. దక్షిణపు రేవుల్లోని 'తే' డచ్చివారి ఓడలెక్కి ఐరోపా చుట్టి, ఇంగ్లీషువాడి నోట 'టీ' అయి సముద్ర మార్గాన మన తీరం చేరింది. ఉర్దూ ఏలిన తెలంగాణంలో భూమార్గపు మాట, ఇంగ్లీషు ఏలిన సర్కారు జిల్లాల్లో సముద్రపు మాట నిలబడ్డాయి. ఆ రెండు మాటలూ రుద్రూరులో ఎదురుబొదురు ఇళ్ళలో కాపురం చేస్తున్నాయి. ఈ తగాదా ఎందుకనుకునేవారికి 'తేనీరు' అనే అందమైన మాట కూడా వుంది. తేయాకు నీరు అనుకోండి, తేనె లాంటి నీరు అనుకోండి, ఎవరికి కావలసిన రుచి వారికి దొరుకుతుంది.

ఈ వూళ్ళో ఒక క్యాంపు ఇంట్లో పోయిన సంక్రాంతి వెళ్ళిన వారానికి అచ్చమైన ఇంగ్లీషు పద్ధతిలో తేనీటి విందు జరిగింది. ఆ ఇంటి మనవరాలు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నది. సెలవు మీద వచ్చిన పిల్ల, "మామ్మా, అక్కడ నన్ను ఎంతమంది టీకి పిలిచారో! నేను కూడా మనింట్లో అలాంటి టీ ఇస్తాను" అని పట్టుబట్టింది. ఆహ్వానితుల్లో ఈ వ్యాసకర్త ఒకడు. విందు ముచ్చట చెప్పేముందు, అసలు ఈ ఇంగ్లీషు తేనీటి విందు ఏమిటో, ఎక్కడిదో కొంచెం చెప్పుకోవాలి. దానిలో మన పాలు కూడా కొంత వుంది, మాట వరసకు కాదు, నిజంగానే.

ఇంగ్లీషువారికి పుట్టుకతో టీ లేదు. 1662లో రెండవ చార్లెస్ రాజు పోర్చుగీసు రాజకుమారి కాథరీన్‌ను పెళ్ళాడాడు. ఆమె అరణంగా బొంబాయి దీవులు తెచ్చింది, అలవాటుగా టీ తెచ్చింది. రాణి తాగేది దొరసానులు తాగక మానుతారా? అయితే చాలాకాలం అది గొప్పవాళ్ళ పానీయమే. పన్ను నూటికి 119 వంతులు వుండేది. 1784లో దానిని పన్నెండున్నరకు తగ్గించాక సామాన్యుల ఇళ్ళకు టీ మరింత సులువుగా చేరింది.

ఇక 'మధ్యాహ్నపు టీ' అనే లాంఛనం పుట్టింది 1840 ప్రాంతాల్లో. బెడ్‌ఫర్డ్ ఏడవ డచెస్ అన్నా మరియా అనే ఆవిడ దీనికి మూలమని ప్రసిద్ధి. ఆ రోజుల్లో పెద్ద ఇళ్ళలో మధ్యాహ్నం ఏదో కాస్త కతికి, రాత్రి ఎనిమిది దాటాక గాని భోజనానికి కూర్చునేవారు కాదు. నాలుగు గంటలయ్యేసరికి డచెస్ గారికి కడుపులో నీరసం కమ్ముకొచ్చేది. తన గదిలోకే టీ, రొట్టె, వెన్న తెప్పించుకునేది. ఒంటరిగా తాగడం తోచక స్నేహితురాళ్ళను పిలిచేది. ఆకలికి పుట్టిన అలవాటు ఆచారమై కూర్చున్నది. ఇప్పుడు మన పట్టణాల్లో కొందరు దీన్ని గొప్ప కోసం 'హై టీ' అంటున్నారు. అది పొరపాటు. ఇంగ్లండులో హై టీ అంటే గనుల్లో, మిల్లుల్లో పనిచేసి ఇల్లు చేరిన శ్రామికులు సాయంకాలం మాంసం, రొట్టెలతో తీసుకునే భోజనం. గొప్ప కోసం వాడే మాట కూలివాడి కంచం నుంచి వచ్చిందని తెలిస్తే చాలామంది మానేస్తారు కాబోలు.

విందుకు క్రమం వుంది. ముందు సన్నని రొట్టెముక్కల మధ్య కీరదోస చక్రాలు పెట్టిన సాండ్‌విచ్చులు, అంచులు కోసి వేలెడంత పొడవున తరిగినవి. తరవాత 'స్కోన్' అనే చిన్న గుండ్రని రొట్టె, దానికి మీగడ, పళ్ళ జామ్. చివర కేకు ముక్క. ఉప్పన ముందు, తీపి వెనక. స్కోను మీద ముందు జామ్ రాయాలా, మీగడ రాయాలా అని డెవన్, కార్న్‌వాల్ సీమలవారికి తరతరాల తగాదా. కార్న్‌వాల్‌వారు జామ్ ముందంటారు, డెవన్‌వారు మీగడ ముందంటారు. నామాలు నిలువా అడ్డమా అని కొట్టుకున్న మనకు ఇది వింతగా తోచదు.

టీ కాచే విధానంలోనే మనకూ వారికీ అసలు తేడా. మనవాళ్ళు నీళ్ళు, పాలు, పంచదార, పొడి అన్నీ ఒక గిన్నెలో వేసి తుకతుక మరగబెడతారు. వారు కూజాను ముందు వేడినీళ్ళతో తొలిచి, ఆకు వేసి, సలసల కాగే నీళ్ళు పోసి, మూత పెట్టి, వేడి పోకుండా దానికొక గుడ్డ కుళ్ళాయి తొడిగి నాలుగైదు నిమిషాలు కదలకుండా వుంచుతారు. పాలు వేరే, పంచదార వేరే. మన దేశంలోనే మోతీహారిలో పుట్టిన జార్జి ఆర్వెల్ అనే రచయిత 1946లో ఒక లండను పత్రికలో మంచి టీకి పదకొండు సూత్రాలు రాశాడు. కప్పులో ముందు టీ పోసి తరవాతే పాలు పోయాలని, పంచదార అసలే వేయకూడదని ఆయన శాసనం. పంచదార లేని టీ అనగానే, బోధను చెరకు తిని పెరిగిన రుద్రూరువారు "అదేం టీ!" అని ముఖం చిట్లిస్తారు.

పంచదార మాట వచ్చింది గనుక కొంచెం ఆగాలి. ఈ విందులో కథంతా ఆ చిన్న గిన్నెలోనే వుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషువారి కప్పులో కరిగిన చక్కెర కరిబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసల చెమట. టీ ఆకు చీనాది. దానికి వెండి ఇవ్వలేక కంపెనీవారి హయాములో మన దేశపు నల్లమందు చీనాకు పోయింది. దాని మీద 1839లో యుద్ధమే జరిగింది. సరిగ్గా ఆ సంవత్సరమే జనవరిలో అస్సాం టీ మొదటి ఎనిమిది పెట్టెలు లండనులో వేలానికి వచ్చాయి. ఆ తరవాత అస్సాం తోటల్లోకి కూలీలు కావలసివస్తే, గంజాం, విశాఖ జిల్లాల నుంచి మనవాళ్ళను కూడా తీసుకుపోయారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు చేతులు కరువైతే 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నేటాల్‌కు ఒప్పంద కూలీలు ఓడలెక్కారు. కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువారి సంతతి ఇవాళ్టికీ మారిషస్‌లో వుంది. కాబట్టి దొరసాని బల్ల మీది కప్పులో ఆకు కోసిన చేతులు, చెరకు నరికిన చేతులు కొన్ని మనవే. కూర్చోవడానికి పిలుపు మాత్రం మనకు రాలేదు.

అయితే ఆ బల్ల దగ్గరే ఒక మంచి పని కూడా జరిగింది. 1791లో బానిస వ్యాపారం రద్దు చేయాలన్న తీర్మానాన్ని పార్లమెంటు తోసిపుచ్చితే, ఇంగ్లండులో లక్షలాదిమంది బానిసలు పండించిన చక్కెర మానివేశారు. ఓటు లేని ఆడవాళ్ళు తమ టీ బల్ల మీదనే తీర్పు చెప్పారు. ఇంటికి వచ్చినవారి కప్పులో చక్కెర వేయలేదు. కొందరు తమ చక్కెర గిన్నెల మీద ఇది బానిసల చేత చేయించినది కాదని రాయించుకున్నారు. బల్ల మీద ఏమున్నదో, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడిగే అలవాటు అప్పుడు పుట్టింది.

ఇక మన చక్కెర సంగతి. నిజాంసాగరం నీరు చెరకుకు వచ్చింది. చెరకు కోసం 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ లేచిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద ఫ్యాక్టరీ అని దానికి ఖ్యాతి. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా కేంద్రం వెలసింది. కొత్త గడ ఏదైనా ముందు ఇక్కడి మడిలో మొలవాలి. క్రషింగు రోజుల్లో బోధను గాలి పీలిస్తేనే నోట్లో తీపి వూరేదని పెద్దవారు చెబుతారు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. గొట్టాల్లో పొగ లేదు. చెరకు మళ్ళలో ఎక్కువభాగం వరి అయింది. ఈ ఆయకట్టు నేల మీద టీలోకి వేసుకునే పంచదార ఇప్పుడు ఎక్కడినుంచో లారీ ఎక్కి వస్తున్నది.

రుద్రూరులో ఇప్పుడు ఆహార శాస్త్ర కళాశాల కూడా వుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారిది. బిస్కట్టు ఎందుకు కరకరలాడుతుందో, జామ్ ఎందుకు గడ్డకడుతుందో అక్కడ పిల్లలు పుస్తకాలు పెట్టుకుని చదువుతారు. పక్కనున్న బోధను ప్రాచీన కాలపు అశ్మక రాజధాని పోదన నగరమని చరిత్రకారులంటారు. భారతంలోని ఏకచక్రపురం అదేనని స్థానికుల నమ్మకం. బండెడు అన్నాన్నీ, లాగే దున్నపోతులనూ, తోలుకొచ్చిన మనిషినీ కూడా తినే బకాసురుడు కాపురమున్న చోటన్నమాట. అలాంటి చోట వేలెడంత సాండ్‌విచ్చుతో విందు చేయబూనడం సాహసమే!

ఆ సాహసానికి మనవరాలు మూడు రోజులు తయారయింది. ఆ ఇంట్లో ఓవెన్ లేదు. స్కోనులు ఎలా చేయాలి? పాత ప్రెషర్ కుక్కరు అడుగున రెండంగుళాల ఇసుక పోసి, మూతకు గాస్కెట్టూ విజిలూ తీసివేసి, పావుగంట వేడెక్కించి, లోపల పళ్ళెంలో పిండి బిళ్ళలు పెట్టింది. పై భాగం అంతగా ఎర్రబడలేదు గాని, పొంగి లోపల గుల్లగా వచ్చాయి. ఇంగ్లీషువారు ఎంతో గొప్పగా చెప్పుకునే గడ్డ మీగడ కోసం వెతకవలసిన పనే లేకపోయింది. సన్నని సెగ మీద పాలు గంటల తరబడి కాచి, చల్లార్చి పైన కట్టింది తీయడమే దాని రహస్యమట. "దీనికా ఇంత హంగు? నేను అరవై ఏళ్ళుగా రోజూ తీస్తున్నానే" అని మామ్మగారు గేదెపాల దాకలో నుంచి అరచేయి మందాన మీగడ ఎత్తి ఇచ్చారు. జామ్‌కు బదులు ఇంట్లో కాచిన ఉసిరి మురబ్బా తరిగి పెట్టారు. రొట్టె బోధను బేకరీది. ఆకు హైదరాబాదు నుంచి తెప్పించిన డార్జిలింగుది. మన దుకాణాల్లో దొరికే రవ్వలాంటి పొడి 1930లలో వచ్చిన యంత్రంతో ఆకును నలిపి, చింపి, చుట్టి చేసినది. చిటికెడు వేస్తే చిక్కని రంగు దిగుతుంది. పాలలో మరగడానికి అదే మేలు. కూజాలో నానబెట్టడానికి మాత్రం పెద్ద ఆకే కావాలి.

పింగాణీ కప్పుల దగ్గర చిన్న చిక్కు వచ్చింది. పిల్ల తెచ్చినవి 'బోన్ చైనా' కప్పులు. పల్చగా వుండి, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే లోపల వేలి నీడ కనిపిస్తుంది. ఆ తెలుపు, ఆ పల్చదనం ఎముకల బూడిద కలపడం వల్ల వస్తాయి. సాధారణంగా అది పశువుల ఎముకల బూడిదే. ఈ సంగతి తెలిసిన బంధువు ఒకాయన, "మా ఇంట్లో పూజలున్నాయమ్మా" అని ముందే చెప్పారు. ఆయనకు స్టీలు గ్లాసు పెట్టారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. గ్లాసు కోరుకునే స్వాతంత్ర్యం ఆయనకు వుంది.

ఆ స్వాతంత్ర్యం లేని మనిషి కూడా ఆ ఇంటికి రోజూ వస్తుంది. నాట్ల ముఠాకు పెద్దగా నలభై ఏళ్ళుగా ఆ ఇంటి పొలంలో పనిచేసిన అవ్వ. ఆమె టీ వెనక వసారా మెట్ల మీద. ఆమె గ్లాసు వసారా గూట్లో బోర్లించి వుండేది. తాగి, కడిగి, ఆమే బోర్లించాలి. ఇది ఆ ఒక్క ఇంటి తప్పు అని చెప్పి తప్పించుకోవడానికి లేదు. అంటరానితనం చెల్లదని 1950 నాటి రాజ్యాంగం పదిహేడవ అధికరణంలో చెప్పింది. అయినా 2001లో నివేదిక ఇచ్చిన జస్టిస్ పున్నయ్య కమిషను రాష్ట్రంలోని పల్లెల్లో హోటళ్ళ రెండు గ్లాసుల పద్ధతిని గురించి ఇంకా రాయవలసి వచ్చింది. హోటలు మీద చట్టం పనిచేస్తుంది. పెరటి గూడు మీద ఏ చట్టం పనిచేస్తుంది?

మనవరాలు ఆహ్వానాలు చెప్పడానికి వెళ్ళి అవ్వను కూడా పిలిచింది. నాలుగు గంటలకు అందరం హాల్లో చేరాం. ఇద్దరు ఉపాధ్యాయులు, ఎదురింటి వూరి ఆడవాళ్ళు ముగ్గురు, బంధువులు నలుగురు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, అలవాటు చొప్పున ఇల్లు చుట్టి వెనక మెట్ల దగ్గర ఆగింది. పిల్ల వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"నేనాడ ఏడ కూసుంట బిడ్డా? ఈడనే తాగుత. నా గిలాస ఈడనే ఉన్నది" అన్నది అవ్వ.

"ఇవాళ గ్లాసుల్లేవు అవ్వా. అందరికీ కప్పులే. కుర్చీ వేశాను, రా."

అవ్వ లోపలికి వచ్చి, కుర్చీ అంచున, ఎగిరిపోయే పిట్ట వాలినట్టు కూర్చుంది. హాల్లో మాటలు ఒక్కసారి ఆగాయి. ఒక గోడ గడియారం వుంటే దాని చప్పుడు వినిపించేది.

ఇంగ్లీషు విందులో ఒక ఆచారం వుంది. కూజా ఎత్తి అందరికీ పోసే పని ఇంటి ఇల్లాలిది. ఇంకెవరైనా ఆ పనికి పూనుకుంటే "నేను తల్లినవనా?" అని వేళాకోళంగా అడుగుతారు. పోసే ఆవిడ నిలబడి వడ్డించదు. బల్ల దగ్గర అందరితోపాటు కూర్చుని, ఎవరికి ఎంత పాలు, ఎన్ని చెంచాలు చక్కెర అని పేరుపేరునా అడిగి పోస్తుంది. మన ఇళ్ళలో టీ ఎలా వస్తుంది? వంటింటి తలుపు వెనక గాజుల చప్పుడు, తరవాత ఒక ట్రే. కాచిన మనిషి ముఖం అతిథికి కనబడదు, అతిథి మాట ఆమెకు వినబడదు. మామ్మగారు ఎనభై ఏళ్ళ జీవితంలో ఎన్ని వేల టీలు కాచారో! మగ బంధువులున్న గదిలో కూర్చుని తాగిన టీ ఒక్కటీ లేదు. "ఈ ఇంటికి తల్లివి నువ్వే గదా మామ్మా, నువ్వే పోయాలి" అని పిల్ల ఆవిడను తెచ్చి కూజా ముందు కూర్చోబెట్టింది.

మామ్మగారు అందరికీ పోశారు. మాకు పోశారు, వూరి ఆడవాళ్ళకు పోశారు. అవ్వ వంతు వచ్చింది. కూజా చేతిలో వుంది, చెయ్యి కదలలేదు. అది బరువు వల్లనో, ఇంకెందువల్లనో చెప్పలేను. ఆ రెండు క్షణాలూ ఎవరి కప్పులోకి వారం చూసుకున్నాం. తరవాత ఆవిడ కుళ్ళాయి సర్దుకుని, కప్పు దగ్గరికి జరిపి, "నీకు చక్కెర మూడు చెంచాలు గదుటే" అన్నారు. నలభై ఏళ్ళుగా మెట్ల మీదికి అందించిన టీలో ఎంత చక్కెర వేయాలో ఆవిడ చేతికి తెలుసు. అడగవలసిన అవసరమే లేకపోయింది.

అవ్వ కప్పును రెండు చేతులతో తిప్పి చూసి, కొంచెం సాసరులోకి వొంపి, వూది, జుర్రుమని తాగింది. ఒక ఉపాధ్యాయుడి పెదవి మీద నవ్వు కదిలింది. "పూర్వం ఇంగ్లీషువాళ్ళు కూడా అలా సాసరులో పోసుకునే తాగేవారండీ" అన్నది పిల్ల. మాట నిజమే. అక్కడ కూడా అది చాలాకాలం చెల్లిన అలవాటే. ఆ మాట వినగానే ఎదురింటి ఆడవాళ్ళు ముగ్గురూ హాయిగా సాసర్లలో పోసుకున్నారు.

"మరగలే బిడ్డా ఇది. పచ్చి వాసనొస్తున్నది" అని అవ్వ తీర్పు చెప్పింది. హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో బిగువు సడలింది. స్కోను మాత్రం ఆమెకు నచ్చింది. మీగడా మురబ్బా వేసుకుని రెండు తిన్నది. ముందు మీగడే రాసింది. డెవన్‌వారు వింటే సంతోషిస్తారు.

అందరూ సంతోషించారని రాస్తే కథ బాగుంటుంది గాని నిజం కాదు. బంధువుల్లో ఒకావిడ తన కప్పును పక్కన పెట్టి, "నాకు షుగరండీ" అన్నారు. ఆవిడ కప్పులో చక్కెర వేయలేదని బల్ల మీద అందరికీ తెలుసు. ఆ కప్పు అలాగే చల్లారిపోయింది. అవ్వ కూడా చూసింది. చూసి, చూడనట్టు, పిల్ల పెళ్ళి మాట ఎత్తింది. జీవితమంతా నేర్చిన విద్య అది.

నెల తిరిగాక పని మీద మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. పిల్ల ఇంగ్లండు వెళ్ళిపోయింది. పింగాణీ కప్పులు అద్దాల బీరువాలోకి ఎక్కాయి. అవ్వ వెనక మెట్ల మీదే కూర్చుని టీ తాగుతున్నది. "లోపల కూర్చోవచ్చుగా" అంటే, "కాళ్ళకు బురదున్నది సారూ" అన్నది. ఆమె చేతిలో వున్నది మాత్రం నా చేతికి ఇచ్చిన గ్లాసు జతలోదే. తాగాక దానిని మామ్మగారు తీసుకుని అన్ని గ్లాసులతో కలిపి తొట్టిలో వేశారు. గూట్లో ఇప్పుడు అగ్గిపెట్టె, టార్చి లైటు వున్నాయి. ఒక విందు వల్ల లోకం మారదు. ఒక గూడు ఖాళీ అయింది, ఒక మెట్టు ఇంకా మిగిలి వుంది. వున్నదున్నట్టు చెప్పడమే న్యాయం.

ఇంట్లో ఇలాంటి విందు ఇవ్వదలచిన పాఠకురాళ్ళకు నాలుగు మాటలు. మూడంతస్తుల పళ్ళేల కోసం అప్పు చేయనక్కరలేదు. అరిసె, సకినం కూడా కేకు సరసన కూర్చుంటాయి. కీరముక్కలకు ముందే ఉప్పు రాసి నీరు పిండితే రొట్టె తడిసిపోదు. కూజాను వేడినీళ్ళతో తొలవడం మాత్రం మరవకండి. మనిషికొక చెంచా ఆకు చాలు. అయిదు నిమిషాలు దాటితే వగరు దిగుతుంది. మరగని టీ పడనివారికి పొయ్యి మీద చాయ్ ఒక గిన్నె వేరే పెట్టి వుంచడం మర్యాద. కుర్చీలు మాత్రం అతిథుల లెక్కకు ఒకటి ఎక్కువ వేయండి, అది కాచిన మనిషికి.

రుద్రూరు చూడాలని వుంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, యాసంగి నాట్లు పడే రోజుల్లో వెళ్ళండి. నాలుగు గంటల వేళకు కాలవగట్టు మీద నిలబడితే చాలు. రైతు కొడుకు మోటారు సైకిలుకు స్టీలు క్యాను తగిలించుకుని వస్తాడు. మోకాలి లోతు బురదలోంచి ఆడవాళ్ళు నడుములు నిమురుకుంటూ గట్టెక్కుతారు. కాగితపు కప్పుల్లో చాయ్ పొగలు కక్కుతుంది. డచెస్ గారికి నీరసం వచ్చిన వేళ సరిగ్గా అదే. వంగి నాటిన నడుముకు ఆ వేళ ఒక కప్పు చాయ్ ఎంత అవసరమో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మీరు బాటసారులని చూసి వూరుకోరు. "జర ఆగుండ్రి, చాయ్ తాగి పోండ్రి" అంటారు. కాదనకండి. గట్టు మీద చోటు చేసుకుని కూర్చోండి.